శ్రీహరి, ఆయన డిస్కు రైటరు

మెట్‌పల్లి బస్టాండు వెనక సందులో ‘నవ్యశ్రీ డిజిటల్స్’ అనే స్టూడియో ఉంది. దాని యజమాని శ్రీహరికి ఈ లోకంలో నచ్చే వస్తువులు బహు తక్కువ. సెల్‌ఫోన్‌లో పెళ్లి వీడియో చూసేవాళ్లంటే ఆయనకు రోత. పెన్‌డ్రైవ్ తెచ్చి “గిండ్ల ఎయ్యన్నా” అనేవాళ్లంటే ఇంకా రోత. బట్ట నేసే సాంచాల చప్పుడు మధ్య పుట్టి, ఆ చప్పుడు పడక బి.కాం. చదివి, చివరకు కెమెరా పట్టిన మనిషి. ఒకప్పుడు ఒక్కో పెళ్లికి పన్నెండు డిస్కులు కొట్టేవాడు. దుబాయికి నాలుగు, మస్కట్‌కు మూడు, మిగిలినవి ఊళ్లో అలిగే చుట్టాలకు. ఇప్పుడు దుబాయివాళ్లు తలంబ్రాలు పడుతుండగానే ఫోన్‌లో చూసి, పప్పులో ఉప్పు సరిపోయిందా అని కూడా అక్కడినుంచే విచారిస్తున్నారు.

అయినా పట్టణం మొత్తంలో డిస్కు కొట్టగలిగినవాడు తానొక్కడే అన్న కీర్తి మాత్రం ఆయనకు మిగిలింది. ఆ కీర్తికి ఆధారం ఒక వృద్ధ కంప్యూటరు. దాని సొంత యూఎస్‌బీ రంధ్రాలన్నీ ఒక వానకాలం పిడుగుకు పోయాయి. కడుపులోని డిస్కు డ్రైవు అంతకు ముందే కాలం చేసింది. అందుకని శ్రీహరి హైదరాబాదు నుంచి నాలుగు రంధ్రాల యూఎస్‌బీ కార్డు తెప్పించి లోపల బిగించాడు. ఆ కార్డుకు, బయట పెట్టుకునే డిస్కు రైటరును తగిలించాడు. కంప్యూటరు వీపు గోడవైపు ఉంటుంది. వెనక ఏం పెట్టాలన్నా తీయాలన్నా చెయ్యి పోనిచ్చి తడుముకోవడమే.

దసరా పోయిన పదో రోజు, పగలు పన్నెండింటికి ఐలవ్వ వచ్చింది. ఆమెకు ఊరిబయట ఎకరంన్నర చేను. పక్క చేనాయన ట్రాక్టరు పెట్టి మధ్యలో హద్దుగా ఉన్న ఒడ్డును దున్ని కలుపుకుంటుంటే, ఆమె కోడలు నవీన ఇరవై నిమిషాలు ఫోన్‌లో తీసింది. మర్నాడు కోర్టులో వాయిదా. ఆ వీడియో రెండు డిస్కుల్లో ఎక్కించి సాయంత్రం ఆరులోపు జగిత్యాలలో తనకు అందించాలని వకీలు చెప్పాడు. ఫోన్ చూపిస్తే కుదరదట. నాలుగున్నర బస్సు తప్పితే పని అయిపోయినట్టే.

“గంతేనా? అర్ధగంటల చేతుల పెడ్త,” అన్నాడు శ్రీహరి.

ఐలవ్వ స్టూలు మీద కూర్చుంది. పొద్దున గుడిలో ఇచ్చిన కుంకుమ పొట్లం కొంగు ముడిలో ఉంది. కోర్టు పని మీద అది లేకుండా ఆమె గడప దాటదు.

నవీన నెట్‌లో పంపిన వీడియోను శ్రీహరి కంప్యూటరులోకి దించుకున్నాడు. మొదటి డిస్కు అరవై శాతం దాకా హుందాగా నడిచింది. ఆ తర్వాత ‘డుంగ్’ మని ఒక చప్పుడు. రైటరు దీపం ఆరిపోయింది. అలాంటి పరికరమే తగిలించలేదని కంప్యూటరు నిర్మొహమాటంగా ప్రకటించింది.

“థూ! డిస్కులు గిట్ల తగులవడ్డయి. రేకులు అమ్ముతున్నరు,” అన్నాడు శ్రీహరి. రెండో డిస్కు డెబ్బై దగ్గర ఆగింది. వేగం సగానికి తగ్గించాడు. మూడోది యాభై దగ్గరే ఆగి, నెమ్మదిగా చెడిపోయిన ఘనత దక్కించుకుంది. రైటరును నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాడు. చెయ్యి వెనక్కి పోనిచ్చి వైరు మార్చాడు, రంధ్రం మార్చాడు. మారిస్తే ‘డుంగ్’ అనే చోటు మారింది, అంతే. చెడిన డిస్కులను బావమరిది చేనులో పిట్టలను బెదిరించడానికని ఒక పక్కకు విసురుతున్నాడు. రెండు గంటలకు పిట్టలకు ఆరు డిస్కులు సమకూరాయి. ఐలవ్వకు ఒక్కటీ లేదు.

“మొన్నటిదాక నడిచిందా గిది?” అంది ఐలవ్వ.

“పండుగ దాక గుర్రం లెక్క నడిచిందవ్వా.”

“పండుగకు ఏం జేసినవ్ దానికి?”

“ఏం జేస్త? దులిపి, తుడిచి, పూజ జేసిన. గంత మర్యాద జేసినా గిట్ల జేస్తుంది, సిగ్గులేని జన్మ.”

పక్క జిరాక్స్ కొట్టు దీపిక గుమ్మంలోంచి తొంగిచూసింది. “అన్నా, ఆ సామాను మ్యూజియంకు ఇయ్యరాదు? నా లాప్‌టాప్‌కు పెట్టి చూడు.”

“వద్దు చెల్లె. నీ లాప్‌టాప్ పుట్టకముందు నుంచి డిస్కులు కొడ్తున్న.”

దీపిక వెళ్లిపోయింది. ఐలవ్వ గడియారం వైపు చూసింది. “నీ పంతంల నా ఒడ్డు పోతది బిడ్డా,” అంది.

శ్రీహరి ఇంకో డిస్కు పెట్టాడు. మరో రెండు డిస్కులు పిట్టల పాలయ్యాయి. మూడుంబావు. డబ్బాలో మిగిలినవి రెండే, కావలసినవీ రెండే. ఇరవయ్యేళ్ల కీర్తిని పక్కన పెట్టి ఆయన గోడకేసి పిలిచాడు. “చెల్లె, జర నీ లాప్‌టాప్ తే.”

రైటరును ఊడదీయడానికి, తడుములాట మాని, కంప్యూటరును పూర్తిగా వెనక్కి తిప్పాడు. తిప్పి, అలాగే నిలబడిపోయాడు.

కార్డు మీది నాలుగు రంధ్రాలకూ నాలుగు బొట్లు. గంధం, దాని మీద కుంకుమ. తడిగా పెట్టినది రంధ్రాల్లోకి దిగి, ఎండి, గట్టి పెచ్చుగా కూర్చుంది. పండుగనాడు కంప్యూటరును నడి గదిలోకి తెచ్చి, ముందువైపు మాత్రమే బొట్టు పెడితే వెనకనున్న కార్డు చిన్నబుచ్చుకుంటుందని, దానికీ పక్షపాతం లేకుండా పెట్టినవాడు తానే. బొటనవేలితో, శ్రద్ధగా, లోపలికంటా.

“గీ బొట్లు ఎవలు వెట్టిండ్రన్నా?” అంది లాప్‌టాప్ పట్టుకొచ్చిన దీపిక.

“దేవుడు,” అన్నాడు శ్రీహరి. ఆ క్షణాన ఆయనకు డిస్కుల కంపెనీ మీద, పిడుగు మీద, దుబాయి మీద ఉన్న రోతంతా వెనక్కి మళ్లి, తన బొటనవేలి మీద వాలింది.

ఐలవ్వ వంగి చూసింది. “గట్ల నోట్లె కుక్కితే అదేం మింగుతది బిడ్డా?”

కరెంటు తీసేసి, కెమెరా అద్దాలు తుడిచే మందూ, సన్న కుంచే తెచ్చి ఒక్కో రంధ్రం తోమాడు. వైరు మొనకు అంటిన ఎర్రదనమూ తుడిచాడు. ఆరనిచ్చి, ముందు కంప్యూటరును లేపాడు, ఆ తర్వాత రైటరును తగిలించాడు. అరవై. డెబ్బై. తొంభై. నూరు. ట్రే బయటికి వచ్చింది. రెండోదీ వచ్చింది. రెండింటినీ పెట్టి వీడియో ఆడించి చూశారు; ట్రాక్టరు ఒడ్డు మీదికి ఎక్కడం రెండింట్లోనూ స్పష్టంగా కనిపించింది. గడియారంలో నాలుగుంబావు.

డిస్కులు కవర్లలోకి పోకముందే ఐలవ్వ అందుకుంది. స్టూలు మీద పక్కపక్కన పెట్టి, కొంగు ముడి విప్పి, పొట్లం తీసింది. వేలితో కుంకుమ అద్దుకుంది.

శ్రీహరి రెండంగల్లో చేరి ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

“కవరుకు వెట్టు అవ్వా. నీ కాళ్లు మొక్కుత, కవరుకు.”