డ్రైవ్ పోయిందన్నారు, గాజువాక తీసుకెళ్లాను

మే నెల, గురువారం. ఇల్లు కదిలేలోపు తేల్చిన పనులు: కుళాయి నీళ్లు పట్టడం, వంట, రెండు క్యారియర్లు సర్దడం, మూడోనాటి ఆవకాయ తిరగకలిపి జాడీకి గుడ్డ కట్టడం. తేలనివి: ఇస్త్రీ, కరెంటు బిల్లు. ఆ రెండూ వదిలేసి పెందుర్తి నుంచి పాత పోస్టాఫీసుకు వెళ్లే బస్సు ఎక్కాల్సి వచ్చింది. పాత లేత్ మిషన్‌కు కొత్త కంట్రోలర్ పెట్టించుకుంటూ, మధ్యలో ఎవరి మాట నమ్మాలో తెలియక ఏదో ఒక భాగాన్ని ఊళ్లో తిప్పాల్సిన వాళ్లు ఇంకా ఉంటారని ఇదంతా రాస్తున్నాను.

పాత పోస్టాఫీసు దగ్గరే, వన్ టౌన్‌లో మా తమ్ముడు సత్తిబాబుకు ఇనుప, ఇత్తడి భాగాలు చెక్కే చిన్న లేత్ షాపు ఉంది. చేపల వేట ఆపే ఈ రెండు నెలలే అతనికి సీజన్. బోట్లన్నీ ఒడ్డుకు చేరి మరమ్మతులు చేయించుకుంటాయి. షాపులో కంప్యూటరుతో నడిచే ఒక పాత సీఎన్‌సీ లేత్, దాని కంట్రోలర్ చెడిపోయి, చాలాకాలంగా మూలపడి ఉంది. ఈ ఏడు ధైర్యం చేసి కొత్త కంట్రోలర్, అది చెప్పినంతే తిరిగే రెండు సర్వో మోటార్లు, ఆ మోటార్లను నడిపే రెండు డ్రైవ్‌లు తెప్పించాడు. బిగించే పని శ్రీను అనే టెక్నీషియన్‌కు ఇచ్చాడు. నలభై దాటిన మనిషి. ఉద్యోగం మానేసి సొంతంగా పట్టిన మొదటి పని ఇది. అంతా అయిపోవచ్చింది అనుకుంటుండగా బుధవారం సాయంత్రం ఒక డ్రైవ్ మీద ఎర్ర అంకెలతో అలారం వచ్చింది. డ్రైవ్ పోయిందనీ, కొత్తది ఇరవై ఆరు వేలనీ, తనకు తెలిసిన షాపులో తానే తెస్తాననీ శ్రీను అన్నాడట. రాత్రి సత్తిబాబు ఫోన్‌లో ఇది చెబుతుంటే 'తెలిసిన షాపు' అన్న చోటే నాకు అనుమానం మొదలైంది. షాపు లెక్కలు చూసేది నేనే. శ్రీనును ఉంచాలో పంపించెయ్యాలో నువ్వే వచ్చి తేల్చు అన్నాడు తమ్ముడు. వన్ టౌన్ సందుల్లో ఒకసారి దొంగ అని పేరు పడిన మెకానిక్‌కు మళ్లీ ఎవరూ తలుపు తియ్యరు. ఆ సంగతి తెలిసే బయల్దేరాను.

వేపగుంట, గోపాలపట్నం, ఎన్ఏడీ దాటి కంచరపాలెం మీదుగా బస్సు గంటన్నర తీసుకుంది. ఆడవాళ్లకు సిటీ బస్సు ఉచితం కాబట్టి ఖర్చు లేదు, ఆధార్ మాత్రం చేతిలో ఉంచుకోండి. షాపుకు చేరేసరికి పది దాటింది. గుమ్మంలో స్టూలు వేసుకుని నూకరాజు కూర్చుని ఉన్నాడు. అతని బోటు ప్రొపెల్లర్ షాఫ్టు చుట్టూ తొడిగే ఇత్తడి బుష్షే ఈ మిషన్ మీద మొదటి పని.

"వచ్చేవా అమ్మా! సత్తిబాబు మిషన్ని ఎవడో కాల్చీసినాడటకదా," అన్నాడు, లోపల శ్రీనుకు వినపడేలాగే.

శ్రీను స్క్రూలు బిగిస్తూనే ఉన్నాడు. నేను అతని ఎదురుగా నిలబడి, కేబుల్ చూశావా అని అడిగాను.

"సూసేనమ్మా. మీటరెట్టి రెండు కొసలూ సూసేను. తీగలన్నీ పలుకుతన్నాయి. మోటారా, కొత్తది. మరింకేటి మిగిలింది, డ్రైవే కదా?"

"రెండు డ్రైవులూ ఒకటే సైజు కదా. దీన్ని దానికి, దాన్ని దీనికి మార్చి చూడకపోయావా? గ్యాస్ పొయ్యి వెలక్కపోతే పక్కింటోళ్ల రెగ్యులేటర్ పెట్టి చూస్తాం."

"పోయిన డ్రైవ్ తగిలించి, బాగున్న మోటారు కూడా పోతే ఎవలిత్తారమ్మా? నానైతే సెయ్యను."

జవాబు సబబుగానే ఉంది. సబబుగా ఉన్న జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునే మనిషిని ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి అనిపించింది. డ్రైవ్ విప్పమన్నాను, గాజువాకలో వేరే మనిషికి చూపిస్తానన్నాను. బాగుందని తేలితే ఈరోజే నీ సామాను సర్దుకోవాలి అని కూడా చెప్పాను. "అలగేనమ్మా," అని ఒక్కొక్క తీగకూ చీటీ అంటించి, ఫొటో తీసి, డ్రైవ్ చేతికిచ్చాడు. దాని వెనక ఉన్న నంబరును నేనూ ఫొటో తీసుకున్నాను. దారిలో ఎవరైనా మార్చేస్తే తెలియాలి.

పాత పోస్టాఫీసు దగ్గర గాజువాక బస్సు వెంటనే దొరికింది. కాన్వెంటు జంక్షన్, సింధియా, మల్కాపురం మీదుగా వెళుతుంది. పాత తువ్వాలులో చుట్టిన డ్రైవ్‌ను ఒళ్లో పెట్టుకున్నాను. కండక్టర్‌గారు దాన్నే చూస్తూ వచ్చారు.

"ఏటమ్మా అది? టీవీయా?"

"మోటారుది. రిపేరుకి."

"నీకైతే జీరో టికెట్టు. దీనికి ఆధార్ ఉందేటి మరి?" అన్నారు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు, పక్కన కూర్చున్నావిడ అదే పనిగా మూట వైపు చూస్తోంది. మూట మీద చెయ్యి తియ్యకుండా గాజువాక దాకా వెళ్లాను.

రిపేరు చేసే సింహాచలంగారి గది గాజువాక మెయిన్ రోడ్డుకు పక్క సందులో, మెట్లెక్కి పైన. పరీక్షకు మూడు వందలు అన్నారు. ముందే రసీదు రాయించుకున్నాను. ఆయన బల్ల మీద తన మోటారు, తన కేబుల్ తగిలించి కరెంటిచ్చారు. మోటారు గిర్రున తిరిగింది. ఆపి, రెండోవైపు తిప్పారు. పావుగంట నడిపారు. అలారం లేదు.

"బంగారంలా ఉందమ్మా. దీన్ని పోయిందన్నదెవలు?"

చెప్పాను. ఆయన మోటారు ఆపి నా వైపు తిరిగారు. "డ్రైవ్ బాగుందంటే మీ మనిషి అబద్దమాడేడని కాదమ్మా. ఇక్కడ నా వైరుతో, నా మోటారుతో తిరిగింది. మీ వైరు సంగతి నాకేటి తెలుసు?"

ఈ పనివాళ్లంతా ఒకరినొకరు కాచుకుంటారులే అనుకున్నాను. మెట్లు దిగుతూనే తమ్ముడికి ఫోన్ చేశాను. "సూసేవా అప్పా! నాను సెప్పలేదా!" అని అరిచాడు. వెనక నూకరాజు ఎవరితోనో "దొంగేనంట" అనడం నాకు స్పష్టంగా వినిపించింది. నాకూ లోపల సంతోషమే వేసింది. తిరుగు ప్రయాణంలో బస్సు కోసం ఆగలేక షేర్ ఆటోలు మారుతూ వచ్చాను. మొత్తం అరవై రూపాయలు, సింధియా దగ్గర కాసేపు ఎండలో నిలబడటం.

షాపులో శ్రీను సామాను అప్పటికే సర్ది ఉంది. ఎదురింటి వాళ్లు గుమ్మంలోకి వచ్చి చూస్తున్నారు. "మీ డ్రైవ్ మీకు బిగించి సూపించీసి ఎల్లిపోతానమ్మా," అన్నాడు. చీటీల ప్రకారం తీగలు బిగించి స్విచ్చి వేశాడు.

అదే అలారం. అవే ఎర్ర అంకెలు.

నేను ముందు అనుమానించింది సింహాచలంగారిని. వెనక నంబరు ఫొటోతో పోల్చి చూశాను, అదే డ్రైవ్. శ్రీను మాత్రం సంచీ కింద పెట్టాడు.

"అమ్మా, అయితే ఇప్పుడు మార్చొచ్చు. డ్రైవ్ బాగుందని తేలిపోనాది కదా. ఇంక రెండో మోటారుకి భయం నేదు."

రెండు డ్రైవ్‌ల దగ్గరా ప్లగ్గులు అటువి ఇటు, ఇటువి అటు మార్చాడు. ఈసారి అలారం రెండో డ్రైవ్ మీద వచ్చింది. మొదటిది పచ్చ దీపంతో హాయిగా ఉంది. అలారం డ్రైవ్‌ను వదిలి కేబుల్ వెంట నడిచి వచ్చిందన్నమాట. తప్పు కేబుల్‌లోనో, ఆ కేబుల్ చివర ఉన్న మోటారులోనో ఉంది. శ్రీను మిషన్ వెనక్కి దూరి, మోటారుకు తగిలించిన ప్లగ్గు విప్పాడు. మోటారు ఎంత తిరిగిందో డ్రైవ్‌కు ఎప్పటికప్పుడు చెప్పే తీగలు అందులోనే ఉంటాయి.

"ఇదేటిది, జిగురుగా ఉంది... పుల్ల కంపు కొడతంది." చెయ్యి బయటికి చాపాడు. అరచేతిలో ఒక నిమ్మగింజ. ప్లగ్గులో పిన్నులు ఆకుపచ్చగా చిలుం పట్టి ఉన్నాయి.

మోటారు దగ్గర నిమ్మగింజ ఎందుకుంటుంది? నేను చుట్టూ చూశాను. మా తమ్ముడు ఉన్నట్టుండి మూలన ఉన్న ఆయిల్ డబ్బాలు సర్దడం మొదలుపెట్టాడు.

"సత్తీ, ఇలా చూడరా."

"ఏటప్పా."

"ఏటప్పా కాదు. నిమ్మకాయ ఎక్కడిది?"

"కొత్త బండి కొంటే సెక్రాల కింద నిమ్మకాయలు ఎట్టమా?" అన్నాడు డబ్బాల వైపే చూస్తూ. "దీనికి సెక్రాలు నేవు. మరెక్కడెట్టాల? అందుకే అది నడిసే పట్టాల మీద ఎట్టేను. బటన్ నొక్కితే ఎల్లి తొక్కీసింది. నాను తుడిసీసినాను కూడాను."

"తను లేకుండా మిషన్ ముట్టద్దని శ్రీను చెప్పాడు కదా!"

"ముహూర్తం బుధవారం ఏడింటికే ఉంది. ఈయన పదింటికి వత్తాడు. తెలిస్తే తిడతాడని సెప్పలేదు."

శ్రీను తిడతాడనే నేనూ అనుకున్నాను. అతను మాత్రం, పట్టాల కిందే ఉన్న ఆ ప్లగ్గు వెనక మూత చూపించాడు. "కేబుల్ తరవాత కత్తిరించుదామని ఈ మూత బిగించకుండా ఒగ్గీసింది నానే. బిగించుంటే రసం దిగేది కాదు." తీగలు తెగలేదు కాబట్టి మీటరు పలికింది. రసం పిన్నుల మధ్య చేరి సమాచారాన్ని చెడగొట్టింది, దాన్ని ఆ మీటరు పట్టలేదు. అతని పెట్టెలో అలాంటి ప్లగ్గు ఇంకొకటి ఉంది. కేబుల్ కొస కత్తిరించి దాన్ని అతికించాడు. మోటారు వైపు పిన్నుల మీద క్లీనర్ స్ప్రే కొట్టి, ఆరనిచ్చి, మూత గట్టిగా బిగించాడు. మూడున్నరకు స్విచ్చి వేస్తే రెండు డ్రైవ్‌లూ పచ్చగా వెలిగాయి. ఐదింటికి ఇత్తడి బుష్షు వేడివేడిగా బల్ల మీదికి వచ్చింది.

దానికోసం వచ్చిన నూకరాజు గుమ్మంలోనే ఆగాడు. "ఇంకా ఇక్కడే ఉన్నాడేటి, కాల్చీసినోడు?"

నేను తమ్ముడి మొహం వైపే చూస్తూ నిలబడ్డాను. ఎదురింటి వాళ్లు కూడా చూస్తున్నారు. సత్తిబాబు బుష్షును గుడ్డతో తుడిచిందే తుడిచాడు. చివరికి, "ఆయన కాదు బావా. నిమ్మకాయెట్టి పాడు సేసింది నానే," అన్నాడు.

నూకరాజు ఒక్క నిమిషం అర్థం కానట్టు చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "అయితే బోటుకి ఇంజిన్ బిగించిన రోజు నీకు కబురెట్టను బావా. నువ్వు దానిమీద గుమ్మడికాయ కొట్టీగల్వు!" తరువాత శ్రీను దగ్గరికి వెళ్లి, తన రెండో బోటులో ఇంజిన్‌ను స్టార్ట్ చెయ్యని సెల్ఫ్ మోటారు గురించి అడగడం మొదలుపెట్టాడు.

ఈ ఒక్కరోజులో నేను శ్రీనును, సింహాచలంగారిని, ఆఖరికి బస్సులో పక్కన కూర్చున్న ఆవిడను కూడా అనుమానించాను. కలిసి పెరిగిన వాణ్ని మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. మిషన్ దగ్గర అనుమానం మంచిదే. డ్రైవా, కేబులా, మోటారా అని ఒక్కొక్కదాన్నే పక్కన పెట్టి చూస్తే తప్పు దానంతట అదే ఒంటరిగా మిగులుతుంది. కానీ ఆ వరసలో మన వాళ్లను కూడా నిలబెట్టాలి. లేకపోతే బయటివాడి మీద పడ్డ పేరు, మనం బస్సు దిగేలోపే సందు చివరిదాకా వెళ్లిపోతుంది. మీకు పనికొచ్చే సలహా ఒకటి: డ్రైవ్ విప్పి ఊరు దాటించే ముందు, మిషన్ చివరిసారి బాగా నడిచినప్పటి నుంచి దాన్ని ఎవరెవరు ముట్టుకున్నారో ఇంట్లోవాళ్లతో సహా అడగండి. ఆ తరువాత మోటారు వైపు ప్లగ్గు విప్పి కంటితో చూడండి, మీటరును మాత్రమే నమ్మకండి.

ఈరోజు ఖర్చు: పరీక్షకు మూడు వందలు, ఆటోలకు అరవై, ప్లగ్గుకు శ్రీను తీసుకోనన్నా ఇచ్చిన నాలుగు వందలు. సత్తిబాబు శ్రీనుకు పడ్డ బాకీ, నూకరాజు ఎదుట చెప్పాల్సిన నిజం: ఐదు గంటలకు తీరింది. నేను పడ్డ బాకీ, 'తప్పుగా అనుకున్నాను శ్రీనూ' అన్న మాట: బస్సెక్కే ముందు చెప్పాను. చెల్లు.