అడుగు చూసే గఫూర్ సాబ్

ఆదోనిలో గఫూర్ సాబ్‌కు ఒకటే జబ్బు: దేన్నైనా సరే, అడుగు చూడందే నమ్మడు. జిన్నింగు మిల్లుకు పత్తి చూసి కొనిపెట్టడం ఆయన పని. మూట పైన పత్తి ఎంత తెల్లగా మెరిసినా ఆ పక్క చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, అట్టడుగు నుంచి పిడికెడు పెరికి, తడి ఉందా, చెత్త కలిపినారా అని చూసినాకనే నోరు తెరుస్తాడు. మార్కెట్లో అది కొలువు కాబట్టి సరే. పెండ్లికి పోయినా అంతే. పెండ్లికొడుకు కంటే ముందు వంటపాక చూసొస్తాడు.

"నన్ను చూసుకోను వచ్చినపుడు మా ఇంటి బావిలోకి తొంగి చూసినాడు ఈ మనిషి. నా మొగం నిఖా అయినాక చూసినాడు," అని భార్య సర్దార్‌బీ ఇప్పటికీ సాధిస్తాది.

వినేవాళ్ళకు నవ్వే. ఎనభై ఒకటో సంవత్సరం జూన్‌లో చిన్న కూతురు సైదాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటర్ ఫస్టు క్లాసులో పాసయింది. డిగ్రీ చదవాలని ప్రాణం కొట్టుకుంటాంది. దరఖాస్తులకు సోమవారం ఆఖరు. నాయన ఏ సంగతీ తేల్చడు. మూడేండ్ల కిందట అక్క మరియంబీ దూరాన ఏదో కాలేజీ హాస్టల్లో చేరింది. మూడు నెలలకే నాయన పోయి, జ్వరంతో ఉన్న పిల్లను, పెట్టెను బస్సెక్కించి తెచ్చేసినాడు. ఎందుకని అడిగితే ఇద్దరూ నోరు విప్పలేదు. ఆ పొద్దు నుంచి అక్క కుట్టుమిషను ముందర కూచుంది. అవసరమైతే తప్ప మాట్లాడదు. అక్క చదువు మాన్పించినోడు నా చదువు సాగనిస్తాడా అని సైదా దిగులు.

శుక్రవారం గఫూర్ సాబ్ ఉన్నట్టుండి, "రేపూ ఎల్లుండీ కాలేజీలు చూసొద్దాం. అందరమూ," అన్నాడు.

"నేను రాను," అంది మరియంబీ.

"నువ్వు రాకుంటే ఎవురూ పోయేది లేదు."

శనివారం పొద్దున మొదటి కాలేజీ. ప్రిన్సిపాలు పాపం మర్యాదస్తుడు. లైబ్రరీ చూపించినాడు, గోడ మీది ఫోటోలు చూపించినాడు.

"ఇదంతా మూట పైన పత్తి సార్," అన్నాడు గఫూర్ సాబ్. "అడుగు యాడుంది?"

ప్రిన్సిపాలు నేల వైపు చూసినాడు. ఆయన తేరుకునేలోపే సాబ్ వెనకవైపు పోయి, తాగేనీళ్ళ తొట్టిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి పిడికెడు పాచి పెరికినాడు. లెక్చరర్లంతా వరండాలో నిలబడి చూసినారు. సైదాకు తల కొట్టేసినట్టయింది. సాబ్ ఇంకా వెనక్కిపోయి, అరగంటకు తిరిగొచ్చి, "ఇది కాదు," అన్నాడు. మధ్యాహ్నం ఇంకో కాలేజీ. ఆడా వెనకవైపే పోయినాడు. "ఇదీ కాదు." ఆ రాత్రి సైదా అన్నం ముట్టలేదు.

ఆదివారం ఎమ్మిగనూరు బస్సు. మబ్బు పట్టిందే గాని చినుకు లేదు. దారి పొడుగునా దున్నిన చేలు అట్లే పడున్నాయి. బస్సులో నలుగురూ నాలుగు దిక్కులు చూసుకుంటా కూచున్నారు. ఊరి బయట కొత్తగా పెట్టిన ఆడపిల్లల కాలేజీ. కాపలా ఉండే సుంకన్న గేటు తియ్యలేదు.

"ఆదివారం ఎవురూ ఉండరు సాబ్."

"అందుకే వచ్చినా. సెలవు పొద్దు ఎవురూ తుడిచి చూపించరు."

సెలవుల్లో హాస్టలు ఖాళీ. కాపురముండే వార్డెను మేరి మేడం ఒక్కతే బయటికొచ్చి, సంగతి విని, "చూసుకోండి," అంది. సాబ్ మరియంబీని పిలుచుకోని వెనక్కి పోయినాడు. సైదాకు ఓపిక చచ్చింది. ఈ రోజు అటో ఇటో తేల్చుకుంటానని వెనకాలే పోయింది.

ఆడొక మరుగుదొడ్డి తలుపు మూసుంది. లోపల్నుంచి నాయన గొంతు వినపడింది. "ఇంకా గట్టిగా తొయ్యి, మరియం."

మరియంబీ భుజం ఆనించి తోసింది. గడియ కదల్లేదు. సాబ్ తలుపు తీసుకోని బయటికొచ్చి, "ఇది సరిపోతాదా?" అని అడిగినాడు. మరియంబీ తలూపింది.

"ఏం చేస్తాండారు మీరు?" అని సైదా ఏడుపు గొంతుతో అరిచింది.

సాబ్ మరియంబీ వైపు చూసినాడు. మరియంబీనే చెప్పింది.

"నేను సదివినకాడ వీటికి తలుపుల్లేవు సైదా. గోనెపట్టాలు కట్టినారు. మగపిల్లోళ్ళు గోడెక్కేవాళ్ళు. పోవాల్సొస్తాదని పొద్దంతా నీళ్ళు తాగేవాళ్ళం కాదు. నాకు జ్వరం పట్టుకునింది దానికే. ఎవురికీ చెప్పొద్దని నాయన చేత ఒట్టేయించుకున్నా."

చెప్పుకోలేని ఆ మాట కోసం మూడేండ్లుగా ఇంటిల్లిపాది, సుట్టాలు, వీధి వీధంతా పిల్ల చదువు మాన్పించినాడని తిడుతుంటే ఆ మనిషి పడినాడు. తానూ తిట్టుకుంది. సైదాకు నాయన మొగం చూడను సిగ్గేసింది.

గఫూర్ సాబ్ గబగబా మేరి మేడం దగ్గరికి పోయినాడు.

"దరఖాస్తులు రెండియ్యండమ్మా."

"ఒకమ్మాయే కదా?"

"ఇద్దరు."

మరియంబీ బిత్తరపోయింది. "నాకు ఇరవయ్యొకటి నాయనా. ఈ పిల్లల్తో కూచోల్నా?"

"ఆఖర్న ఏరిన పత్తి పత్తి కాకుండా పోతాదా? కూచో."

మేరి మేడం దగ్గర ఒకటే పెన్నుంది. నేను ముందంటే నేను ముందని అక్కాచెల్లెళ్ళు పెనుగులాడినారు. మరియంబీ చెల్లెలి చెయ్యి మెలిపెట్టి పెన్ను లాక్కుంది.

"పెద్దదాన్ని నేను," అంటా పేరు రాయడం మొదలుపెట్టింది.