పక్కింటావిడ రాస్బెరీ మొక్కలు

పూజ చేసిన పూలను చెత్తడబ్బాలో వేయడం నాకు చేతకాదు. ఐర్లండ్‌లోని నేస్ ఊరికి వచ్చిన కొత్తలో ఆ పూలే నాకు పెద్ద చిక్కు. మా ఆయన మందుల కంపెనీలో ఇంజనీరు. ఆయన పొద్దున్నే వెళ్ళిపోయాక దీపం పెట్టుకుని, ముందురోజు పూలు తీసి పళ్ళెంలో పట్టుకుని పెరట్లోకి వచ్చేదాన్ని. మా పెరడంతా గడ్డి, సిమెంటు పలకలు. ఎవరి కాలూ పడని జానెడు చోటు కనిపించేది కాదు. ఒకరోజు అలాగే చెత్తడబ్బా దగ్గర నిలబడి మూత ఎత్తుతూ దించుతూ ఉంటే, చెక్క కంచె మీదుగా పక్కింటావిడ పలకరించారు. డెబ్బై దాటిన మనిషి. నాకున్న ముక్కలు ముక్కల ఇంగ్లీషులో సంగతి చెప్పాను. దేవుడి పూలు, తొక్కకూడదు, అని.

"అయితే నా రాస్బెరీ పొదల కింద వెయ్యి. అక్కడికి నేను తప్ప ఎవరూ రారు. నేనూ చూసుకుని నడుస్తాలే," అన్నారావిడ.

ఆ మాటకి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ దేవుడు వేరు, నా దేవుడు వేరు. అయినా ఎందుకు, ఏమిటి అని అడగలేదు. తర్వాత కంచెలో ఒక చెక్క ఊడిపోతే కూడా బాగు చేయించలేదు. నేను వచ్చిపోవడానికి దారి ఉండాలట.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. చదవడం, రాయడం మా అమ్మ వంటింట్లో కూర్చోబెట్టి నేర్పింది. అందుకని పుస్తకంలో చూసి నేర్చుకోవడం కన్నా ఒకరి పక్కన నిలబడి నేర్చుకోవడమే నాకు తేలిక. రాస్బెరీల పని అలాగే ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నాను. వేసవిలో పండ్లు ఇచ్చిన కొమ్మ గోధుమరంగుకి తిరిగి ఎండుతుంది, దాన్ని నేల మట్టానికి కోసెయ్యాలి. ఆ ఏడాదే లేచిన పచ్చ కొమ్మను మాత్రం ఇనప తీగకి కట్టి కాపాడాలి. వచ్చే వేసవి పండ్లు దాని మీదే. ఇక ఎరువు. సీసాలో దొరికే బలమైన ఎరువు వసంతంలోనే పొయ్యాలి. ఆకులు రాలే కాలంలో పోస్తే మొక్క తొందరపడి లేత చిగుళ్ళు వేస్తుంది, మంచు పడగానే అవన్నీ మాడిపోతాయి. అందుకని చలికి ముందు బాగా మాగిన గుర్రపు లద్ది, రాలిన ఆకులు కలిపి మొదళ్ళ చుట్టూ దుప్పటిలా పరచాలి, కాండానికి తగలకుండా. ఈ చుట్టుపక్కల గుర్రాలకి కొదవ లేదు. ఆవిడ ఏటా ఒక గుర్రపుశాల నుంచి బస్తాలు తెచ్చేవారు. కారంతా ఆ వాసనే. ఆవిడ భర్త అద్దాలన్నీ దించుకుని, తల బయటపెట్టి నడిపేవారు.

రెండేళ్ళ కిందట ఆవిడ పోయారు. ఆ శరత్కాలంలో ఆవిడ భర్త, ఆ పెద్దాయన, ఆవిడ వానకోటు తొడుక్కుని వచ్చి, కోటు చేతులు పొట్టిగా మోచేతుల దాకానే వస్తుంటే, ఆవిడ చేసినట్టే అంతా చేశారు. ఎండిన కొమ్మ తీశారు, పచ్చది కట్టారు, లద్ది పరచారు. నేను మా వంటింటి కిటికీలోంచి చూసి, ఆ మనిషికి చేసుకోవడానికి ఒక పని మిగిల్చినందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

నిరుడు ఆకులు రాలే వేళకి ఆయనలో మార్పు కనిపించింది. షెడ్డులోంచి వసంతకాలపు సీసా తీసి, డబ్బా నీళ్ళలో కలిపి రాస్బెరీలకి పోశారు. కాలం తప్పింది, పోనీలే అనుకున్నాను. మధ్యాహ్నం మళ్ళీ వచ్చి పోశారు. మర్నాడూ అంతే. పోసినట్టు గుర్తు లేదు ఆయనకి. కొన్నిసార్లు నీళ్ళు కలపడం కూడా మరిచిపోయేవారు. వారం తిరిగేసరికి ఆకుల అంచులు కాలినట్టు ముడుచుకున్నాయి. మొదళ్ళలో మాత్రం లేత చిగుళ్ళు గుత్తులుగా లేచాయి, రాకూడని కాలంలో.

కంచె సందులోంచి వెళ్ళి, అంకుల్, పొద్దునే పోశారు కదా అన్నాను. ఆయన చేతిలో డబ్బా అలాగే ఆగిపోయింది. డబ్బా వైపు, మొక్కల వైపు, తర్వాత నా వైపు చూశారు. అబద్ధం చెబుతున్నానేమో అన్న అనుమానం కాదు అది. నేను చెప్పేది నిజమే అయితే తన సంగతేమిటి అన్న భయం. 'గ్రాండ్, గ్రాండ్', అంటే అంతా బాగుంది అని ఇక్కడివాళ్ళ మాట, అంటూ నవ్వబోయి, డబ్బా అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. ఆ సాయంత్రమంతా ఇంట్లో దీపం వెలగలేదు. మర్నాడు మళ్ళీ డబ్బాతో వచ్చారు. ఈసారి నేను కంచె ఇవతలే ఆగిపోయాను.

మా ఆయనకి చెప్పాను. ఎక్కడో ఉత్తరాన లెటర్‌కెన్నీ ఊళ్ళో ఉన్న వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి చెప్పేస్తే సరిపోతుంది కదా అన్నారు. నాకు మనసొప్పలేదు. చెబితే ఆ అమ్మాయి వచ్చి ఆయన్ని తీసుకెళ్ళిపోతుంది. చెప్పకపోతే మొక్కలు పోతాయి. భార్య మొక్కల్ని తన చేత్తోనే చంపుకున్నానని ఏదో ఒక రోజు ఆయనకి తెలుస్తుంది. ఆ రోజు రాకూడదని నా బాధ.

మర్నాడు పెద్దాయన మందుల కోసం బయటికి వెళ్ళినప్పుడు షెడ్డులోకి వెళ్ళి సీసా తెచ్చాను. ఎరువంతా పాత డబ్బాలోకి ఒంపి దాచి, సీసా కడిగి, అందులో టీ డికాషన్ పోశాను. రంగు అచ్చం అదే. మా ఇంట్లో రోజూ మిగిలే టీపొడిని మళ్ళీ మరిగించి తీసిన పలచటి డికాషన్. మట్టికి హాని లేదు, మొక్కకి హాని లేదు. సీసా ఖాళీ కావస్తుంటే మళ్ళీ నింపేదాన్ని.

మా ఆయన పొయ్యి మీద గిన్నె చూసి, "పాలు, పంచదార కూడా వేసి ఇవ్వవే, మొక్కలు మొహమాటపడతాయి," అన్నారు.

"మీరు ఊరుకోండి. ఆయన వింటారు."

"ఆయనకి తెలుగు వచ్చా ఏంటి? సరేలే, అల్లం ఒక ముక్క తగిలించు. చలికాలం కదా."

నవ్వాను గానీ, ఆ గిన్నె దించుతున్నప్పుడల్లా మనసులో దేవుడి పేరు అనుకునేదాన్ని. నైవేద్యం ఎన్నిసార్లు పెట్టినా ఇక చాలు అనడు కదా దేవుడు. ఆ పెద్దాయన రోజులో ఎన్నిసార్లయినా వచ్చి పోసుకునే వీలు కలిగింది. పోసి, వంగి, ఆకుల్ని వేళ్ళతో తడిమి లోపలికి వెళ్ళేవారు. ఆ కాసేపూ ముఖంలో దిగులు ఉండేది కాదు. అలా కొన్ని వారాలు గడిచాయి. ఆ వారాలకి ఈనాటికీ నేను రుణపడి ఉన్నాను.

ఒకనాడు వాన వెలిసిన మధ్యాహ్నం నేను పూలు వేయడానికి వెళ్ళేసరికి ఆయన సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుని ఉన్నారు. కొన్ని రోజులు ఆయన బుర్ర కడిగిన అద్దంలా ఉండేది. అది అలాంటి రోజు.

"ఇది టీ," అన్నారు.

నా చేతిలో పళ్ళెం ఉంది, పూలు ఉన్నాయి. ఎటూ పోలేకపోయాను.

"ఇవాళ ఎన్నోసారి నేను రావడం?"

"ఇందాకే పోసి వెళ్ళారు, అంకుల్."

ఆయన సీసాకి మూత బిగించారు. తిప్పి తిప్పి, ఇంకా బిగించారు. "టీకి ముందు? అసలుది ఎన్ని రోజులు పోశాను?"

వారం పైనే అని చెప్పాను. ఆయన అబద్ధాన్ని కోరే మనిషి కాదు, ఆ రోజు అసలే కాదు.

"ఆవిడ చూసి ఉంటే సీసాతోనే నా తల బద్దలు కొట్టేది," అన్నారు. వంగి, కాలిన ఆకు ఒకటి వేళ్ళతో తడిమారు. "బతుకుతాయా?"

"తెలియదు."

"చూడు, ఈ మొక్కల్ని నీ చేతికి ఇచ్చేస్తున్నాను. వాటికి తిండి పెట్టారా అని నేను వచ్చి అడిగితే, అయిపోయింది అని చెప్పు. ఎన్నిసార్లు అడిగినా అదే చెప్పు. విసుక్కోకు."

విసుక్కోనన్నాను. ఆ సాయంత్రమే ఆయన తనంతట తానే కూతురికి ఫోన్ చేశారు. కంచె ఇవతల నుంచి నాకు మాటలు వినపడలేదు గానీ, తలుపు తెరిచి గుమ్మంలో కూర్చుని, చెప్పులు సర్దుకుంటూ, చాలాసేపు మాట్లాడటం చూశాను. నా డికాషన్ వల్లే ఆయనకి తన సంగతి తెలిసింది. ఏది రాకూడదనుకున్నానో ఆ రోజు నా చేతి మీదుగానే వచ్చింది. దానికి దేవుణ్ణి ఏమీ అడగలేదు. తెలివి ఉన్న రోజునే తెలిసింది, తన మాట తనే చెప్పుకోగలిగారు, అంతవరకు మేలే అనుకున్నాను. అలా అనుకుని కూడా ఆ రాత్రి అన్నం తినలేకపోయాను.

తర్వాత వారాల్లో పని ఇద్దరం చేశాం. ఆయన కుర్చీలో, నేను నేల మీద. ఆ లేత చిగుళ్ళన్నీ తుంచేశాను. ఎండిన కొమ్మలు కోసి, పచ్చటివి కట్టాను. మా ఆయన కారులో లద్ది బస్తాలు తెచ్చి, ముక్కు మూసుకుని దించారు. పెద్దాయన, కాండానికి దూరంగా, దూరంగా అని చెబుతూనే ఉన్నారు. ఆ గొంతులో ఆవిడ గొంతు వినిపించి చేతులు ఆగేవి నాకు. రోజూ నాలుగైదుసార్లు కంచె సందు దగ్గరికి వచ్చి, వాటికి తిండి పెట్టారా అని అడిగేవారు. అయిపోయింది అంకుల్, అనేదాన్ని. గ్రాండ్ అని వెళ్ళేవారు.

క్రిస్మస్‌కి ముందే కూతురు వచ్చి తీసుకెళ్ళింది. మంచి పిల్ల. ఇల్లు అమ్మలేదు, తాళం చెవి నాకు ఇచ్చింది. వెళ్ళేటప్పుడు ఆయన కారులో ముందు సీట్లో కూర్చుని, నా వైపు చెయ్యి ఊపారు. ఎవరికి ఊపుతున్నారో ఆయనకి తెలుసో లేదో.

చలికాలం మంచు గట్టిగానే పడింది. వసంతం వచ్చాక రోజూ వెళ్ళి చూశాను. కంచె వైపు వరస మొత్తం పోయింది. గోటితో గీరితే లోపల గోధుమరంగు. గోడ వైపున్నవి మాత్రం కణుపుల దగ్గర పచ్చబడ్డాయి. ఆ కొద్దిపాటికే నేల మీద కూర్చుని దణ్ణం పెట్టుకున్నాను. పోయినవాటిని తవ్వి తీయడానికి నాకు చేతులు రాక, మా ఆయన్ని తీయమన్నాను.

ఈ జూలైలో పండ్లు వచ్చాయి. చిన్న డబ్బా నిండేటన్ని. అవి తీసుకుని లెటర్‌కెన్నీ వెళ్ళాం. పెద్దాయన అక్కడి వృద్ధాశ్రమంలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నారు. బట్టలు శుభ్రంగా ఉన్నాయి, గడ్డం గీసి ఉంది. నన్ను గుర్తుపట్టలేదు. నర్సు అనుకున్నారేమో, థాంక్స్ చెప్పారు. డబ్బా మూత తీసి ఒళ్ళో పెట్టాను. ఒకటి తీసి నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలారు.

"గ్రాండ్. కానీ మా ఆవిడవి ఇంకా బాగుంటాయి," అన్నారు.

పక్కన నిలబడ్డ కూతురు ముఖం తిప్పుకుంది. మా ఆయన నా వైపు చూశారు, చెబుతానేమోనని.

"అవును అంకుల్. ఆవిడవే బాగుంటాయి," అన్నాను.

ఆయన ఇంకొకటి తీసుకున్నారు. తర్వాత ఇంకొకటి. వేళ్ళ నిండా ఎర్రటి రసం. నేను చేతిరుమాలు తడిపి తెచ్చి తుడుస్తుంటే, చెయ్యి బుద్ధిగా చాపారు.