కిడ్నీలవాళ్లం

సిస్టర్ స్కొలాస్టికాకు లోకంలో ఒక్కటే సబ్జెక్టు: మనిషి ఒళ్లు. లెక్కలు చెప్పమంటే మా పక్కటెముకలు లెక్కపెట్టించేది. ప్రార్థనకు మోకరిల్లమని, మోకాలి చిప్ప దగ్గరే ఆగిపోయేది. మేం జున్ను పెట్టిన పస్టీజీ తింటుంటే, "గొంతు దిగింది... ఇదిగో, పొట్టలో బస్సు మారుతోంది!" అని పక్కనుంచి చెప్పేది.

గోజో దీవిలో కాన్వెంటు బడి మాది. నాకప్పుడు ఏడేళ్లు. ఒకరోజు చిన్నపేగు పొడవు చూపిస్తానని సిస్టర్ బట్టలారేసే తాడు తెచ్చి, నల్లబల్ల నుంచి వరండా దాకా పరిచింది. అటుగా వస్తున్న ఫాదర్ సల్వు కాలికి చుట్టుకుని బోర్లా పడ్డారు.

"ఏమిటమ్మా ఇది?"

"చిన్నపేగు ఫాదర్. సగం దూరం వచ్చేశారు. ఇంకో పది అడుగులు నడిస్తే పెద్దపేగు."

"అక్కడిదాకా వద్దులే తల్లీ," అని ఆయన వెనక్కి తిరిగారు.

అన్నిటికన్నా వింత కిడ్నీల కవాతు. పాఠం మధ్యలో ఉన్నట్టుండి గంట కొట్టి, "కిడ్నీలు పిలుస్తున్నాయి, లేవండ్రా!" అనేది. ముప్ఫైమందిమీ వరసగా దొడ్డివైపు నడవాల్సిందే.

"నాకు రావట్లేదు సిస్టర్!" అని చెన్సు గునిసేవాడు.

"నీకేం తెలుసురా? నీ కిడ్నీలకు తెలుసు. నడు!"

అందరూ నవ్వేవారు. నేను మాత్రం పరిగెత్తేవాణ్ణి. నాకు ఆపుకోవడం చేతకాదు, అడగడానికి నోరు రాదు. మా దీవిలో వెక్కిరింపు పేరు ఒకసారి అంటుకుంటే తరాలు వదలదు. చెన్సు తాత ఎప్పుడో మేక మీంచి పడ్డాడు. అంతే, వాళ్లు ఇప్పటికీ 'మేకమీంచిపడ్డవాళ్లు'. నేను ఒక్కసారి నిక్కరు తడిపితే, పుట్టబోయే నా మనవలంతా 'తడినిక్కరువాళ్లే'.

ఒకనాడు మదర్ సుపీరియర్ వచ్చి క్లాసులో కూర్చుంది. "కవాతులు ఇక చాలు సిస్టర్. గంటసేపు ఎవరూ కదలకూడదు," అంది.

పావుగంటకే నా కాళ్లు మెలికపడ్డాయి. ఇంకాసేపటికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పై నీళ్లతో ఆగేలా లేదు వ్యవహారం.

సిస్టర్ చేతిలో గంట మోగింది.

"సిస్టర్! ఏం చెప్పాను?"

"పిల్లలవి కాదు మదర్. ఈసారి పిలుస్తున్నవి నా కిడ్నీలు," అంది సిస్టర్, సిగ్గూ ఎగ్గూ లేకుండా. క్లాసు గొల్లుమంది. మదర్ మొహం ఎర్రబడింది. సిస్టర్ నాకేసి తిరిగింది: "వీజీ, గంట పట్టుకుని తోడు రారా. దారిలో ఎవరైనా అడ్డొస్తే మోగించు!"

మోగిస్తూ పరిగెత్తాను. నిక్కరు తడవడానికి అరక్షణం ముందు చేరాను.

బయటికొచ్చేసరికి సిస్టర్ గోడకానుకుని మబ్బులు చూస్తోంది.

"మీరు వెళ్లరా సిస్టర్?"

"నాకెందుకురా? పొద్దుట్నించీ చుక్క నీళ్లు తాగలేదు."

గంట పట్టుకు పరిగెత్తిన పుణ్యాన నేను 'కిడ్నీల వీజీ'నయ్యాను. ఇప్పుడు మా ఇంటిల్లిపాదీ కిడ్నీలవాళ్లే.

మొన్న మనవరాలు అడిగింది: "తాతా, మనకీ పేరెలా వచ్చింది?"

"మన వంశంలో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడమ్మా," అన్నాను.

పక్కనే కాఫీ తాగుతున్న చెన్సుకు పొలమారింది. మారనీ. మేక మీంచి పడ్డవాళ్లకేం తెలుసు వైద్యం సంగతి!