తడవని చొక్కా

నూలు మిల్లు హాకీ జట్టులో సాధన అయ్యాక ఎవరూ నేరుగా ఇంటికి వెళ్లేవారు కాదు. మైదానం పక్కన కుళాయి దగ్గర చొక్కాలు విప్పి చేత పట్టుకుని వరసగా నిలబడేవారు. కోచ్ ఒక్కొక్క చొక్కానూ తీసుకుని మెలిపెట్టి పిండేవాడు. చెమట ధార కడితే "భేష్" అనేవాడు. నాలుగు చుక్కలు రాలితే "ఫర్లేదు" అనేవాడు. ఏమీ రాకపోతే మాట్లాడకుండా చొక్కాను నేల మీద పడేసి పక్కవాడి దగ్గరికి నడిచేవాడు.

ఆయన్ని తప్పుపట్టడానికి నోరు రాదు. మీసాలు రాకముందే ఆ మిల్లు బాయిలర్‌కు బొగ్గు వేసే పనిలో చేరి, ఆ సెగలో నిలబడే పైకొచ్చిన మనిషి. లోకంలో చెమట ఒక్కటే అబద్ధమాడదని ఆయన నమ్మకం. బావ పోయిన నాడు అక్కనూ ఆమె కొడుకునూ తన చిన్న ఇంటికి తెచ్చుకుని, వాళ్లకు లోపలి గది ఇచ్చి, తను భార్యతో వరండాలోకి మారాడు. మేనల్లుడి చేతికి మొదటి హాకీ స్టిక్ ఇచ్చిందీ ఆయనే. పిడి లావుగా ఉందని ఏడిస్తే, పాత గుడ్డ విప్పేసి సన్నగా మళ్లీ చుట్టి ఇచ్చాడు.

ఆ మేనల్లుడి చొక్కానే ఎప్పుడూ నేల మీద పడేది.

వాడు వెనక వరసలో ఆడేవాడు. అందరూ బంతి వెంట పడి దుమ్ము లేపుతుంటే వాడు నింపాదిగా నాలుగడుగులు నడిచి ఒకచోట ఆగేవాడు. కాసేపటికి బంతి, పిలిచిన చుట్టంలా, అక్కడికే వచ్చేది. దాన్ని తీసి ముందుకు పంపి మళ్లీ నిలబడేవాడు. దేవుడు కొందరికి పరుగు కాళ్లలో పెడతాడు, కొందరికి కళ్లలో పెడతాడు. కళ్లలో పరుగు పిండితే కారదు కదా. జట్టులో వాడికి 'దిష్టిబొమ్మ' అని పేరు పడింది.

జట్టులో కుదురుకుంటే మిల్లులో పని ఖాయం. అది అందరికీ కావాలి. వాడికి మాత్రం అంతకన్నా ఎక్కువగా ఆ ఒక్క మాట కావాలి. 'భేష్'. మామయ్య నోటి నుంచి. అన్నం పెట్టిన చేయి అదేగా మరి.

వాడి మనసు తెలిసినవాడు గోల్‌కీపర్. జట్టును ఖరారు చేసే రోజు, వరసలో నిలబడబోతుంటే వాణ్ని పక్కకు లాగి, తన సీసాలో నీళ్లు వాడి చొక్కా మీద గుమ్మరించాడు.

"వద్దన్నా, తెలిసిపోతుంది."

"నోర్మూసుకుని నిలబడరా. నీళ్లకేం పేరు రాసుంటుందా?"

కోచ్ పిండాడు. ధార కారింది. ఆయన పెదవులు కదలబోయి ఆగాయి. చొక్కాను చెంపకు ఆనించుకున్నాడు.

"ఏరా, చెమట ఇంత చల్లగా ఉంటుందా? ఒంటితో కానిది సీసాతో అయిపోతుందనుకున్నావా?"

వరసంతా గొల్లున నవ్వింది. వాడు తల వంచుకున్నాడే తప్ప ఎవరి పేరూ చెప్పలేదు. గోల్‌కీపరే ముందుకొచ్చాడు.

"పోసింది నేను సార్. వాడేం చేయలేదు. వాడు నా ముందున్న రోజు నా దాకా బంతే రాదు సార్."

"అంటే వాడి పుణ్యాన నీకూ బద్ధకం పట్టుకుందన్న మాట!"

మళ్లీ నవ్వులు. ఆ సాయంత్రమే వాడు జట్టులో లేడని తేలిపోయింది.

ఇంట్లో తల్లి ఒక్కసారే అడిగింది. "ఒరే తమ్ముడూ, వాడు పిల్లాడురా."

"పిల్లాడు కాబట్టే అక్కా. సొంతవాడని ఉంచుకుంటే రేపు నలుగురూ నా మొహాన ఉమ్మేస్తారు." ఆ మాటలో కల్లాకపటం లేదు. అందుకే అది మరీ గుచ్చుకుంది.

వాడు రేవు పట్నానికి వెళ్లిపోయాడు. బయలుదేరేముందు అత్తయ్య పాత సంచికి పక్కన కుట్టు విప్పి, స్టిక్ పట్టేలా గుడ్డ అతుకు వేసి కుట్టి చేతికిచ్చింది. ఆవిడ ఎప్పుడూ అంతే, మాటకు బదులు సూది తీస్తుంది.

రేవు జట్టు కోచ్‌కు కాలు సరిగా లేదు. మైదానంలో తిరగలేక గిడ్డంగి మెట్ల మీద కూర్చుని పైనుంచి చూసేవాడు. పైనుంచి చెమట కనబడదు, ఎవరెక్కడ ఉన్నారో కనబడుతుంది. మొదటి రోజే వాణ్ని పిలిచాడు.

"ఊరికే అక్కడెందుకు నిలబడ్డావోయ్?"

"బంతి అక్కడికే వస్తుంది కదండీ."

"నీకెవరు చెప్పారు?"

"కొట్టేవాడి భుజం చెబుతుందండీ."

ఆయన "రేపట్నుంచి వెనక వరస నీది," అన్నాడు.

తర్వాత ఆ జట్టుకు వాడే నాయకుడయ్యాడు. పత్రికల్లో బొమ్మలు పడ్డాయి. ఒక ఏడాది పోటీల చివరి ఆట రేవు జట్టుకూ మిల్లు జట్టుకూ పడింది. మిల్లువాళ్లు ఒళ్లు దాచుకోకుండా పరిగెత్తి పరిగెత్తి, సగం ఆట దాటేసరికి రొప్పసాగి, చివరికి ఓడిపోయారు.

ఆట అయ్యాక వాడు తన మనుషుల దగ్గరికి పోలేదు. చొక్కా విప్పి చేత పట్టుకుని నేరుగా మామయ్య ముందు నిలబడ్డాడు. ఆయన అలవాటుగా అందుకుని మెలిపెట్టాడు. చుక్క రాలలేదు.

"ఇప్పటికీ అంతే," అని చొక్కా తిరిగిచ్చేశాడు. నేల మీద పడేయలేదు, అదొక్కటే తేడా. పక్కనున్నవాళ్ల వైపు తిరిగి, "ఆ రోజు నేను తరమబట్టే వీడు మనిషయ్యాడు," అన్నాడు.

గోల్‌కీపర్ వాడి భుజం మీద చెయ్యి వేసి గేటు దాకా నడిచాడు. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నువ్వు తిరగేసి ఆడావురా. రచ్చ గెలిచొచ్చినవాడికి ఇల్లు గోల్ ఇవ్వదు."

చివరి రోజుల్లో మామయ్యకు జ్వరం పట్టి వదల్లేదు. పిల్లలు లేరు. అక్క అప్పటికే పోయింది, అత్తయ్యకు చూపు మందగించింది. మేనల్లుడే వచ్చి దగ్గరుండి, లేపి కూర్చోబెట్టి బట్టలు మార్చేవాడు. ఒక మధ్యాహ్నం జ్వరం దిగి ముసలాయన చొక్కా తడిసి ముద్దయింది. వాడు దాన్ని విప్పి బకెట్ మీద పట్టుకుని పిండాడు.

మంచం మీంచి సన్నగా గొంతు వినిపించింది. "కారిందా?"

"ధార కట్టింది మామయ్యా."

"మరి?"

వాడికి ఆ మాట తప్ప ఇంకేం మాట గుర్తొస్తుంది? "భేష్ మామయ్యా," అన్నాడు.

ముసలాయన మొహం వెలిగింది. ఇప్పుడైనా తననూ ఆ మాట అంటాడేమోనని వాడు తడి చొక్కా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"చెమట అబద్ధమాడదని ఊరికే అన్నానా," అని ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు.