మావగారు మోసిన మట్టి

మొన్న మా మనవరాలు మేడ మీద గులాబీలు పెంచుతానని రెండు బస్తాల మట్టి రిక్షాలో వేయించుకొచ్చింది. రిక్షావాడు ఆ బస్తాలు మెట్లెక్కిస్తూ రొప్పుతుంటే వాటిలో ఏముందని అడిగాను. మట్టేనమ్మా, నర్సరీలో కొన్నారు అన్నాడు. ఎనభై దాటాక ఇంక దేనికీ ఆశ్చర్యపోకూడదని ఒట్టు పెట్టుకున్నదాన్ని, మట్టి కొనుక్కొచ్చారంటే మాత్రం ఆ ఒట్టు గట్టు మీద పెట్టాల్సి వచ్చింది. మనవరాలు బస్తా మూతి విప్పగానే నా చెయ్యి దానంతట అదే లోపలికి వెళ్ళింది. గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "అమ్మమ్మా, అదేమైనా గోంగూర పచ్చడా?" అని నవ్వింది పిల్ల. దానికేం తెలుసు. ఆ అలవాటు మా మావగారిది. ఆయనకీ పుట్టుకతో వచ్చింది కాదు, మన్యంలో ఒక ముసలావిడ దగ్గర తలవంచుకుని నేర్చుకున్నది.

నేను కాపరానికి వెళ్ళేనాటికి నాకు పదహారేళ్ళు. తెల్లదొరల మొదటి పెద్ద యుద్ధం ముగిసి రెండేళ్ళయింది. శృంగవరపుకోట నుంచి ఎడ్లబండి మీద ఘాటీ ఎక్కి, అనంతగిరి దాటి, అరకు దాటి, ముంచింగిపుట్టు వేపు ఇంకా పోతే వస్తుంది మా వాళ్ళుండే ఊరు. కాశీకి వెళ్ళినవాడూ కాటికి వెళ్ళినవాడూ ఒకటే అనేవారు కదా, మన్యం వెళ్ళిన ఆడపిల్లను కూడా మా వాళ్ళు ఆ లెక్కలోనే వేసుకున్నారు. మా అమ్మ ఒక జాడీ ఆవకాయ, ఒక సీసా జ్వరం మందు, సరిపడా ఏడుపు ఇచ్చి పంపింది. తీరా వెళ్ళి చూస్తే ఊరు చల్లగా, పచ్చగా, నిమ్మళంగా ఉంది. ముందు వేపు మా దుకాణం. ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు, ముతక బట్టలు. దాని వెనక వంటిల్లు, వంటింటి వెనక పెరడు, పెరటికి వెదురు తడిక. ఆ తడిక దాటితే కొండ వాలే. అత్తగారు నేను రాకముందే పోయారు. మా ఆయన దుకాణమూ సంతలూ చూసుకునేవారు. మావగారు దుకాణంలో కూర్చునేవారు గానీ, ఆయన చూపు ఎప్పుడూ తడిక అవతల ఉండేది.

ఆయన అసలు రైతు. కింద మైదానంలో చెరువు కింద భూమి ఉండేదట. అన్నదమ్ములు పంచుకోగా పంచుకోగా గోచీపాతంత మిగిలింది. దాన్ని తమ్ముడికి వదిలేసి, ఉప్పు బస్తాలు బండికెత్తుకుని కొండెక్కారు. ఉప్పు తూచేటప్పుడు కూడా చేతిని విత్తనాలు జల్లుతున్నట్టు తిప్పేవారు. అలాంటి మనిషికి తెల్లారి లేస్తే ఎదురుగా ఒక కొండ వాలు, దాని నిండా పొదలు, మోడులు, రాలిన ఆకు. నాగలి ఎరగని భూమి. అది ఆయన కంట్లో నలుసైపోయింది. "బంగారం లాటి బూమిని బీడు ఒగ్గీసినారు, సూడు గుంటా" అని నాతో రోజుకొకసారైనా అనేవారు. ఆయన నన్ను గుంటా, అంటే పిల్లా, అనే పిలిచేవారు, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక కూడా.

ఆ వాలు ఒక అవ్వది. ఊళ్ళో అందరికీ అవ్వే, నాకూ అవ్వే. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టుకుని కాల్చేది. ఉప్పుకి వచ్చినప్పుడు గడపకి అవతలే నిలబడేది, ఎంత కూర్చోమన్నా కూర్చునేది కాదు. ఆవిడకీ ఆవిడ కొడుక్కీ మూడు నాలుగు చోట్ల పోడు ఉంది. ఒకచోట పొదలు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్ళు పండించుకుని వదిలేస్తారు. ఇంకోచోటికి వెళ్తారు. వదిలేసినది తిరిగి అడవిలా పెరిగాక మళ్ళీ అక్కడికి వస్తారు. మా తడిక వెనకది అలా వదిలేసి చాలా ఏళ్ళయిందట. దాన్నెందుకు అలా పడేశారని మావగారు అడిగితే అవ్వ నెమ్మదిగా, "పడీనేదు బాబూ. పడుకుంది. దానంతట అది లెగాల" అంది.

ఆ చలికాలం అవ్వ కొడుక్కి జ్వరం పట్టుకుంది. మనిషి లేచి నడవడమే కష్టమైంది, ఇంక పోడు కొట్టేదెవరు? ఆ ఏడు విత్తనం పడకపోతే తిండి లేదు. మావగారు ఎదురుచూస్తున్న మాట నోటికి వచ్చింది. తడిక వెనక వాలు తాను సాగు చేస్తాను, పంటలో చెరిసగం అన్నారు. అవ్వ వెంటనే ఒప్పుకోలేదు. వాలెక్కి, ఒకచోట ఆకు పక్కకి తోసి, చిటికెడు మట్టి తీసి వాసన చూసింది. నాలిక చివర పెట్టుకుని ఉమ్మేసింది. పైకి వెళ్ళి మళ్ళీ అలాగే చేసింది. అది వాళ్ళ ఆచారమో ఆవిడ సొంత అలవాటో నాకు తెలీదు. దిగివచ్చి, పై సగం ఇంకా లేవలేదు, కింద సగం చేసుకో అంది. రెండే షరతులు పెట్టింది. మోడులు పెకలించకూడదు, నాగలి పెట్టకూడదు. చిన్న పారతో గుంట తీసి విత్తనం వేసుకోవాలి, అంతే. మావగారు తలూపారు. తల ఊపింది దుకాణదారుడు, లోపలున్న రైతు మాత్రం వినిపించుకోలేదు.

నేను ఆయన పక్షం మాట్లాడుతున్నాననుకోకండి గానీ, అందులో మోసం ఏమీ లేదు. మోడులున్న చేనులో విత్తనం వెయ్యడమంటే ఆయనకి చింపిరి తలతో పెళ్ళికి వెళ్ళినట్టు. అవ్వ పండక్కని చెల్లెలి ఊరు వెళ్ళింది, పదిహేను రోజులకి గానీ రాదు. మావగారు కింద నుంచి కోడెల జతను తెప్పించారు. మోడులన్నీ పెకలించారు, రాళ్ళన్నీ ఏరి తడిక వారన గుట్ట పోశారు, ఆకంతా ఊడ్చి తగలబెట్టారు. నాగలి అడ్డంగా తోలబోతే వాలు మీద జారిపోతోంది, కోడెలు కాలు నిలపలేకపోతున్నాయి. అందుకని పై నుంచి కిందికి నిలువు సాళ్ళు తోలారు. గీత గీసినట్టు వచ్చాయి. అబద్ధమెందుకు, నాకు కూడా ముచ్చటేసింది. "ముసల్ది ఒచ్చి సూసి మురిసిపోవాల" అన్నారు మావగారు చెమట తుడుచుకుంటూ. అన్ని రోజులూ ఆయన అన్నం రెండు పూటలూ మారు వడ్డించుకుని తిన్నారు.

అవ్వ వచ్చి చూసింది. నోట్లో చుట్ట తీసింది. తర్వాత, "బట్టలిప్పీసినావు బాబూ" అంది. "వానొస్తే ఏటి కప్పుకుంటాది?"

"సుబ్బరంగా ఉంది కదే" అన్నారు మావగారు. ఆవిడ వాలు దిగి వెళ్ళిపోయింది. ఆయనకి కొంచెం చిన్నతనం వేసింది, ఆ సాయంత్రం ఉప్పు తూకం ఒకటికి రెండుసార్లు తప్పారు.

జల్లిన చోళ్ళు, అదే రాగులు, రెండు వేళ్ళెత్తు మొలిచాక వాన పట్టింది. మధ్యాహ్నం నేను అన్నం వారుస్తుంటే తడిక కింద నుంచి ఎర్రటి నీళ్ళు పాకుతూ వచ్చాయి. కుండ దించేలోపు పొయ్యి ఆరిపోయింది. పొద్దు వాలేలోపు పెరట్లో మోకాలి లోతు బురద. తెరిపి ఇచ్చాక వెళ్ళి చూస్తే, దున్నిన సాళ్ళన్నీ కాలవలైపోయి ఉన్నాయి. మొలకలు లేవు, మట్టి లేదు, అడుగునున్న సుద్దా గులకరాళ్ళూ బయటపడ్డాయి. వేలు గుచ్చితే కణుపు లోతు దిగలేదు. పై సగం పొదలూ మోడులతో ఎలా ఉన్నది అలాగే ఉంది. అక్కడి నుంచి దిగుతున్న నీళ్ళు తేటగా ఉన్నాయి. కింద పారే వాగు, మా వేపు గెడ్డ అంటారు, అది మాత్రం పది రోజులు ఎర్రగానే పారింది. ఆడవాళ్ళు పీతల కోసం రాళ్ళు ఎత్తి చూసి ఉత్త చేతులతో వెళ్ళిపోయేవారు. గెడ్డ వారన అవ్వకున్న చిన్న వరి మడి కూడా ఇసకలో కూరుకుపోయింది.

మావగారు రెండు రోజులు ఎవరికీ మొహం చూపించలేదు. మూడో రోజున దుకాణంలోంచి రెండు బస్తాల చోళ్ళు గుమ్మంలో పెట్టించి అవ్వని పిలిపించారు. "తప్పు నాదే, అవ్వా. ఇయ్యి పట్టుకుపో" అన్నారు. ఆయన ఒకళ్ళ ముందు తప్పు ఒప్పుకోవడం నేను చూడ్డం అదే మొదలు. అవ్వ బస్తాల వేపు చూసింది.

"తింటే అయిపోతాయి బాబూ ఇయ్యి. నా మట్టి నాకిచ్చీ."

కోపంగా అనలేదు. అరువిచ్చిన చేట అడిగినట్టు అడిగింది.  ఇద్దరూ మా పెరటి వేపు చూశారు. రెండు రోజులుగా నేను తిట్టుకుంటూ తవ్విపోస్తున్న బురదంతా అక్కడే ఉంది, దొంగసొత్తు దొంగ పెరట్లోనే దొరికినట్టు. అవ్వ చోళ్ళు కూడా తీసుకుంది, తీసుకోకపోతే ఆ ఏడు తినేదేమిటి? కానీ చోళ్ళకి చోళ్ళు, మట్టికి మట్టి అని తేల్చి చెప్పి మరీ వెళ్ళింది.

మర్నాటి నుంచి మావగారు కావిడి భుజానికెత్తారు. పెరట్లో మట్టి కొండకి. సంతకి వచ్చిన వ్యాపారులు ఆగి చూసి, సావుకారు కొండకి మట్టి అమ్ముతున్నాడని నవ్వేవారు. మా ఆయనకి తల కొట్టేసినట్టుండేది. నాలుగో రోజున నేనూ ఒక గంప ఎత్తుకున్నాను. మొదటి గంపకే మెడ పట్టేసింది, మా అమ్మ చూస్తే అక్కడే బండి తిప్పించేది. ఏరిపారేసిన రాళ్ళని అవ్వ చెప్పినట్టు వాలుకి అడ్డంగా వరసలు పేర్చాం. వాటి వెనక కొమ్మలు, కొమ్మల వెనక మట్టి, మట్టి మీద ఆకు, పేడ. గెడ్డలోకి పోయింది ఎలాగూ రాదు. ఉన్నదాన్ని నిలబెట్టడానికి కందులు వెయ్యమంది అవ్వ, వేళ్ళు పట్టుకుంటాయని. ఆ తర్వాత గూడెం కొండల వేపు తెల్లదొరల మీద పితూరీ లేచిందని, పోలీసులు దిగారని సంతలో ఒకటే గుసగుసలు. మావగారి ధ్యాస ఎవరి పశువుల సాలలో పేడ మిగిలిందన్న దాని మీదే.

ప్రతి వేసవిలోనూ అవ్వ వచ్చి చిటికెడు తీసి వాసన చూసేది. తల అడ్డంగా ఊపేది. పక్కనే మావగారు కూడా చిటికెడు తీసి చూసేవారు, మొదట్లో ఏమీ తెలియకపోయినా. మూడో ఏడాది ఒక పొద్దున్న అడవి పందులు వచ్చి రాళ్ళ వరసల వెనక అంతా కుళ్ళగించి పోయాయి. ఊళ్ళో వాళ్ళు పందుల్ని తిడుతుంటే మా మావగారు ఆ గుంటల పక్కన చతికిలబడి మురిసిపోతున్నారు. పందులు వచ్చాయంటే లోపల వానపాములు ఉన్నట్టే కదా అని. ఇంటికి వచ్చి నాకూ చెప్పారు, అవ్వకీ కబురు పెట్టారు. పందులొచ్చాయని పండగ చేసుకున్న ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

అయిదో ఏడు ఆయనకి మన్యం జ్వరం పట్టుకుంది. మంచం దిగలేని మనిషి అయ్యారు. వానలకి ముందు ఒక రోజు, "గుంటా, ఓ గుప్పెడు మట్టి పట్టుకురా" అన్నారు. నేను వాలెక్కాను. కింది మట్టి తీసి చూశాను. ఇంకా పలచగా, ఇసకిసకగా ఉంది. అది తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టబుద్ధి కాలేదు. పైకెళ్ళి, ఎవరూ ముట్టుకోని సగంలోంచి నల్లటి మట్టి గుప్పెడు తీసుకొచ్చి ఇచ్చాను. ఆయన కళ్ళు మూసుకుని వాసన చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది పై సగంది" అన్నారు. "కిందది తే."

సిగ్గుతో నా తల వాలిపోయింది. మళ్ళీ వెళ్ళి కిందది తెచ్చాను. వాసన చూశారు, నాలిక చివర పెట్టుకున్నారు. నేను చెంబు అందిస్తే నోరు పుక్కిలించారు. బాధపడతారనుకున్నాను. తిథి చూసి చెప్పినట్టు తాపీగా, "ఇంకో రెండేళ్ళు పట్టుద్ది. ఈ ఏడూ కందులే ఎయ్యమని సెప్పు" అన్నారు.

శ్రావణంలో పోయారు. అవ్వ వచ్చింది, ఎప్పట్లాగే గడప దాటలేదు, బయటే కూర్చుని ఏడ్చింది. రెండేళ్ళ తర్వాత వాలు తవ్వి చూసుకుని అవ్వా ఆవిడ కొడుకూ చోళ్ళు వేశారు. పంట చేతికొచ్చాక అవ్వ ఒక గంప తానే మోసుకొచ్చి మా గుమ్మంలో దించింది. "మీ మావ సెప్పిన ఏడే లెగిసింది" అంది. ఆ చోళ్ళు విసిరి అంబలి కాచాను. అందరికీ పోసి, నాది పక్కన పెట్టాను. వంటింట్లో గోడ వేపు తిరిగి కూర్చుని కరువుతీరా ఏడ్చాను. ఒక్క మధ్యాహ్నం వానకి పోయిన మట్టి మళ్ళీ మట్టి కావడానికి ఏడేళ్ళు పట్టింది, మావగారి దగ్గర అయిదే ఉన్నాయి.