మంద పెట్టిన చెలక

పోయిన వారం జనగామకు వెళ్లినప్పుడు, చిల్పూర్‌లో ఉన్న మా రెండెకరాల చెలక వివరాలు తీయించుకుందామని ఒక కంప్యూటర్ సెంటర్‌లో కూర్చున్నాను. నా పేరు సరిగ్గానే ఉంది. ఇది నాదేనని ఎవరొచ్చి చూసి రాశారని అడిగితే, మిషన్ ముందున్నాయన "చూసుడేందవ్వా, అన్నీ గిండ్లనే ఉంటయి" అని నవ్వాడు. అలాంటి నవ్వులను మరిచిపోయే మనిషిని కాను నేను.

మన వయసువాళ్లకు తెలుసు, అప్పట్లో చాలామంది భూమిని తెల్లకాగితం మీద రాసుకుని, నలుగురి ఎదుట మాట అనుకుని కొనేవారు. మా నాయిన కూడా ఊళ్లో ఒక పటేలు దగ్గర అట్లాగే కొన్నాడు. పట్టా మాత్రం పటేలు పేరు మీదే ఉండిపోయింది. కొన్నాయనా పోయాడు, అమ్మినాయనా పోయాడు, కాగితం చెదలపాలైంది. నేను గార్లలో కాపురం చేసుకుంటుండగా, పటేలు కొడుకు మా అమ్మ దగ్గరికి వచ్చి, వానలు పడగానే చెలక దున్నుకుంటానని చెప్పి పోయాడు. అమ్మకు ఆ చెలక తప్ప వేరే ఆధారం లేదు.

నేను రైలెక్కి వచ్చి మండలాఫీసులో అర్జీ పెట్టాను. అక్కడి గుమాస్తా ఒకాయన "పెండ్లయి పోయినదానివి, నీకెందుకమ్మా గీ లొల్లి" అన్నాడు. ఆయన ముక్కు మీది పుట్టుమచ్చ నాకు ఇప్పటికీ గుర్తే. నాలుగుసార్లు తిప్పారు. ఐదోసారి, భూములు తనిఖీ చేసే గిర్దావరును చెలకకు పంపిస్తామనే దాకా గుమ్మం కదలలేదు.

కాగితం లేని చోట సాక్ష్యమంటే గెట్టు పక్కవాళ్ల మాటే. గిర్దావరు వచ్చి, పంచనామా రాయడానికి కూర్చుని, ఈ భూమిని ఎవరు దున్నుతున్నారని ఒక్కొక్కరినీ అడిగాడు. ఎదురుగా పటేలు కొడుకు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒకరు నేల చూశారు, ఒకరు తలపాగా సర్దుకున్నారు. ఆఖరుకు మా మేనమామ వంతు వచ్చింది. మా రెండు చేన్లకూ ఒకటే గెట్టు. మా నాయిన నాగలి కట్టిన ప్రతిసారీ తన ఎద్దును జత కలిపిన మనిషి. "నాకు యాదికి లేదు సారూ" అన్నాడు. అమ్మ తోడబుట్టినవాని ముందుకు పోయి నిలబడింది. గిర్దావరు కలానికి మూత పెట్టబోయాడు.

అదే సమయానికి, మేత కోసం భూపాలపల్లి అడవుల వైపు గొర్లను తోలుకుపోతున్న గొల్లతాత ఆ బాటన వచ్చి ఆగాడు. పొరుగూరి మనిషి, ఏటా మా చెలకలో నాలుగు రోజులు మంద పెట్టి, దానికి ఎరువు దక్కేట్టు చేసి పోయేవాడు. మంద ఎవరి భూమిలో ఉంటే వాళ్లే కాపరికి తిండి పెట్టడం ఆనవాయితీ. తాత సంగతి విని ఏదో అనబోతే, పటేలు కొడుకు "గొర్లు కాసెటోనికి పట్టాల సంగతేం ఎర్కరా?" అని కసిరాడు.

"పట్టాలు నాకెర్కలేదు పటేలా, ఆకలెర్క." తాత కర్రతో అమ్మను చూపించాడు. "గీ చెల్కల మంద పెట్టిన్నాడల్లా గటక కుండ నెత్తినెత్తుకొని వచ్చింది గీ అక్కనే. మీ ఇంటికెల్లి చెంబెడు మంచినీళ్లన్న వచ్చినయా?"

గిర్దావరు పటేలు కొడుకు వైపు తిరిగి, మంద ఏ నెలలో పెట్టిస్తారో, ఎన్ని రోజులు ఉంటుందో చెప్పమన్నాడు. అతను "వానలకు ముందటనో, ఎన్కనో" అని నసిగాడు. తాత వేలిముద్ర పడింది. అది చూశాక మా మేనమామ ముందుకు వచ్చి, దాని కింద సంతకం పెట్టాడు. కొన్ని నెలలకు పట్టా అమ్మ పేరు మీదికి మారింది గానీ, నేను మళ్లీ ఆ మామ గడప తొక్కలేదు; ఆయన చావుకు పోయి కూడా వాకిట్లోనే నిలబడి వచ్చాను.

అమ్మ తరువాత చెలక నాకు వచ్చింది. ఇప్పుడు ఆ తోవన మందలు రావు. కౌలుకు చేసే ఆయన బస్తాల ఎరువు చల్లుతాడు. మామ చేనును పట్నం వాళ్లెవరో కొని, చుట్టూ రాతి కడీలు పాతి తీగ కట్టారు. వాళ్ల మొహం నేను చూడలేదు, నా మొహం వాళ్లు చూడలేదు. రేపు ఏ తేడా వచ్చి, ఏ సర్కారు మనిషో ఆ గెట్టు మీద నిలబడి ఈ భూమి ఎవరిదని అడిగితే, నిజం చెప్పే తాత ఎట్లాగూ లేడు; నిజం తెలిసి, భయపడి నోరు మూసుకునే మామ కూడా లేడు.